చీకటి పాటకు తొందర లేదు

(పర్లాకిమిడిలో, సొంతంగా పాటలు రాసి పాడుకునే యువతీయువకుల కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి వచ్చినవాళ్లున్నారు. అవతల పాతపట్నం, టెక్కలి నుంచి సాయంత్రం బండి పట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ రోజు మాట్లాడేది ఒక్క తరహా పాట గురించే. చీకటి పాట అంటాను దాన్ని. పెళ్లి పందిట్లో పెట్టని పాట. చావు, వలస, తాగుడు, అప్పు, ఒంటరితనం, మనసుకు వచ్చే జబ్బు, వీటి మీద తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, వెనక కంపెనీ లేకుండా పాడే మనిషి పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఎలా నిలబడాలన్నదే విషయం.

ఇలాంటి పాట వారం రోజుల్లో ఊరూరా తిరగదు. ఎవరికి అవసరమో వాళ్లు, ఆ అవసరం వచ్చిన రోజున, వెతుక్కుని వింటారు. ఆ రోజు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. ఆ రోజుకి పాట దొరికేలా ఉండాలి, వినబడేలా ఉండాలి, మీదై ఉండాలి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే.

నిక్ డ్రేక్ అని ఇంగ్లాండు గాయకుడు. 1969, 1971, 1972లో మూడే ఆల్బములు. బతికుండగా అవి చాలా తక్కువ అమ్ముడయ్యాయి. 1974 నవంబరులో 26 ఏళ్లకే పోయాడు. మూడో ఆల్బము ‘పింక్ మూన్’ రెండు రాత్రుల్లో రికార్డు చేశాడు. గొంతు, గిటారు, ఒక్కచోట కాస్త పియానో, అంతే. నిర్మాత జో బాయిడ్ తన కంపెనీని ఐలాండ్ రికార్డ్స్‌కు అప్పజెప్పేటప్పుడు, ఈ కుర్రాడి రికార్డులను ఎన్నడూ కేటలాగు నుంచి తీసెయ్యకూడదని షరతు పెట్టాడు. 1999 చివర్లో ఒక కారు ప్రకటనలో ఆ పేరుతో ఉన్న పాట వచ్చింది. అప్పటికి మనిషి పోయి పాతికేళ్లు. ఒక్కసారిగా జనం వెతుక్కుని కొన్నారు. ఆ షరతే లేకపోతే వెతికినవాళ్లకి దొరికేది కాదు.

అతని గురించే ఇంకో మాట. కుంగుబాటు జబ్బే అతని చేత పాటలు రాయించిందని చాలామంది అనుకుంటారు. చూస్తే ఆ జబ్బు ముదిరిన ఆఖరి రెండేళ్లలో అతను రికార్డు చేసింది కొద్ది పాటలే. అతని గిటారులో మనం వింటున్నది రకరకాలుగా మార్చి కట్టిన శ్రుతులు, గంటల తరబడి సాధన. చీకటి పాట రాయాలంటే చీకట్లో బతకాలని మీతో ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక రాత సంగతి. ఈ ఊళ్లో నిలబడి గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా ముందుకెళ్లలేం. ఇక్కడ బడిలో చదువు చెప్పిన మనిషి, వాడుక భాషలో రాయమని జీవితమంతా పోరాడారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పోరాడి ఇంతకాలమైనా, మనవాళ్లు దుఃఖం రాయాల్సి వచ్చేసరికి మళ్లీ ‘అంధకారం’, ‘శూన్యం’, ‘వేదనాగ్ని’ అంటారు. ఇదిగో, ఇలా ఉంటుంది సాధారణంగా వచ్చే మొదటి చిత్తు:

నా గుండెల్లో అంధకారం
నీవు లేని ఈ శూన్యం
కన్నీటి సంద్రంలో నేను
ఒంటరి నావను

ఇందులో ఎవరు పోయారు, ఎక్కడ పోయారు, ఇంట్లో ఏం జరిగింది, ఏమీ లేదు. ఎవరి మీదైనా అతికించొచ్చు. అందుకే ఎవరికీ అంటదు. అదే సంగతి గంజాం నుంచి సూరత్ మగ్గాలకి పనికెళ్లిన కొడుకు గురించి అనుకుని, మన మాటల్లో రాస్తే:

సూరత్ నుంచి పెట్టొచ్చింది
పేరు తప్పు రాసీసినారు
అమ్మ తాళం తియ్యనీలేదు
అటక మీద ఎట్టించీసింది

దుఃఖం అనే మాట ఎక్కడా లేదు. కొడుకు పోయాడని కూడా చెప్పలేదు. పెట్టె ఒక్కటే వచ్చింది, మనిషి రాలేదు. పేరు తప్పు రాశారంటే అక్కడ అతన్ని ఎవరూ సరిగ్గా ఎరగరు. తల్లి తాళం తియ్యనివ్వలేదంటే చాలు, ఆ పైన వినేవాళ్లే తమ ఇంటి అటక చూసుకుంటారు. నాలుగు పాదాలకీ నాలుగు పనులు. ప్రతి పాదానికీ ఒక క్రియ ఉందో లేదో చూసుకోండి. విశేషణాలన్నీ కొట్టేసి చదవండి. అప్పటికీ పాట నిలబడితే అది పాట.

బాణీ దగ్గర తెలుగుకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన భాషలో హ్రస్వం దీర్ఘమైతే అర్థం మారుతుంది. ‘కల’ అని రాసి ‘క’ మీద నాలుగు మాత్రలు సాగదీస్తే వినేవాడికి ‘కాల’ అని పడుతుంది. వేగంగా పాడే పాటలో ఈ గొడవ తక్కువ. నెమ్మది పాటలో ప్రతి అక్షరం సాగుతుంది కాబట్టి ఇక్కడే దెబ్బతింటాం. సాగే స్వరాలను దీర్ఘాల మీదే వేసుకోండి. పై పాదాల్లో ‘సూ’, ‘తా’, ‘లే’ మీద గొంతు నిలపొచ్చు. ‘పెట్టొ’ దగ్గర ద్విత్వం ఉంది, గొంతు ఆగిపోతుంది. దాన్ని చిన్న స్వరం మీద కొట్టి దాటెయ్యాలి. రాసిన పాదం కింద గురువు, లఘువు గుర్తులు పెట్టుకుని ఆ తరవాత బాణీ కడితే సగం అవస్థ తప్పుతుంది.

వేగం నిమిషానికి 60 నుంచి 76 దెబ్బల మధ్య పెట్టుకుంటారు చాలామంది. 66 అనుకుందాం. నాలుగు దెబ్బల ఆవర్తం ఒకటి మూడున్నర సెకన్ల పైచిలుకు. రెండు ఆవర్తాలు ఏడు సెకన్ల పైన. మామూలు గొంతుకి ఒక్క ఊపిరిలో అంతవరకూ హాయి. మూడో ఆవర్తం వరకూ లాగితే చివరి మాట గాలిలో కలిసిపోతుంది. ఇలాంటి పాటలో బరువంతా చివరి మాట మీదే ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కాగితం మీద గీత పెట్టండి.

రాగం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. శివరంజని ఎత్తుకోగానే వినేవాడికి సినిమా ఏడుపు గుర్తొస్తుంది. మాట దుఃఖమే, రాగం దుఃఖమే, వాయిద్యం దుఃఖమే అయితే ఏడుపు మీద ఏడుపు పేర్చినట్టుంటుంది. ఒకసారి మోహనలోనో హరికాంభోజిలోనో చావు పాట కట్టి చూడండి. జోలపాట నడకలో, అంటే మూడేసి దెబ్బల తిశ్రంలో, కఠినమైన మాట పెట్టి చూడండి. అమ్మ ఊపుతున్నట్టే ఉంటుంది, మాట మాత్రం గుచ్చుతుంది. మన పల్లెల్లో ఆడవాళ్లు శోకం పెట్టేటప్పుడు కూడా రెండు మూడు స్వరాల మధ్యే తిరుగుతారు. పోయినవాళ్లు చేసిన పనులు వరసగా చెబుతారు. ఆ పద్ధతిని జాగ్రత్తగా వినండి, అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

రికార్డింగుకి వద్దాం. ఇంట్లో రికార్డు చేస్తే నాసిరకంగా ఉంటుందన్న భయం వదలండి. 1982 జనవరిలో అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అద్దె ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద, రెండు ఎస్‌ఎం57 మైకులతో నమూనా పాటలు చేసుకున్నాడు. నేరం, నిరుద్యోగం, హత్య మీద పాటలవి. తరవాత బృందంతో స్టూడియోలో మళ్లీ వాయిస్తే ఆ బలం రాలేదు. చివరికి ఆ క్యాసెట్‌నే ‘నెబ్రాస్కా’గా విడుదల చేశారు. అయితే దాన్ని రికార్డు మీదకి ఎక్కించడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడ్డారు. అందుకే, యంత్రం చిన్నదైనా పరవాలేదు గానీ ఎక్కించేటప్పుడు శుభ్రంగా ఎక్కించుకోవాలి.

మెల్లగా పాడే పాటకి పెద్ద శత్రువు గదిలోని చప్పుడు. మెల్లగా పాడిన గొంతుని తరవాత పైకి లేపుతాం. దాంతో పాటే ఫ్యాను, ఫ్రిజ్, వీధి కుక్క, వానాకాలం కప్పలు, అన్నీ లేస్తాయి. రేకుల ఇంట్లో చినుకు పడితే ఆ రోజుకి పని మానుకోవడమే. రాత్రి పదకొండు తరవాత ఫ్యాను ఆపి పాడండి. ఇన్వర్టర్ మీద నడుస్తుంటే సన్నని గీ మనే చప్పుడు వస్తుంది. ల్యాప్‌టాప్‌ను ముందే నిండా ఛార్జ్ చేసుకుని, ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీదే రికార్డు చేస్తే చాలావరకు పోతుంది.

సరైన గది లేనివాళ్లు కండెన్సర్ మైకు కొనకండి. అది గదంతా వింటుంది. ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకు తీసుకుని నోటికి 10, 15 సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కగా పెట్టుకోండి. మైకు వెనక దుప్పటి కట్టి ఊరుకుంటారు చాలామంది. మైకు వినేది పాడేవాడి వైపు కాబట్టి, వాడి వీపు వెనకున్న గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే దాంట్లో పడుతుంది. బొంతలు, పరుపులు ముందు వీపు వెనక కట్టండి. రికార్డింగు సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకుని, గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

గిటారు ఉన్నవాళ్లకి ఒక్క మాట. మన సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి, చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. పాడిన ప్రతిసారీ శ్రుతి చూసుకోండి. నెమ్మది పాటలో అపశ్రుతి దాక్కోదు.

గొంతుని రెండుసార్లు పాడి కలిపే పద్ధతి ఈ తరహా పాటల్లో బాగా వాడతారు. అమెరికా గాయకుడు ఇలియట్ స్మిత్ గుసగుసలాంటి గొంతుకి ఆ దట్టదనం ఇలాగే వచ్చింది. కాపీ చేసి అతికిస్తే ఆ గుణం రాదు, నిజంగా రెండోసారి పాడాలి. ‘స’, ‘చ’, ‘ట’ లాంటివి రెండింటిలో ఒకేసారి పడకపోతే పాట నత్తిగా వినిపిస్తుంది. రెండో గొంతులో ఆ అక్షరాలను మెత్తగా పలికితే సరిపోతుంది. ఆ తరవాత గొంతులో 80 హెర్ట్జ్ కిందుండే బొంగురు చప్పుడు కోసెయ్యండి. కంప్రెషన్, అంటే గట్టిగా పడ్డ చోట్లని అణిచే పని, 3:1, మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గేంత. రివర్బ్‌కి, అంటే కలిపే ప్రతిధ్వనికి, ముందు 30, 40 మిల్లీసెకన్ల ఖాళీ ఇవ్వండి, మాట స్పష్టంగా ముందు నిలుస్తుంది. గుహలో పాడినట్టు రివర్బ్ దట్టించడం వల్ల పాట లోతెక్కదు, మాటలు మునిగిపోతాయి.

చివరి మోత, అంటే పాట మొత్తం మీద చెవికి వినబడే గట్టిదనం, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర, శిఖరం మైనస్ 1 దగ్గర పెట్టుకోండి. స్పాటిఫై మెల్లగా ఉన్న పాటని కొంత పైకి లేపుతుంది. యూట్యూబ్ ఎక్కువున్నదాన్ని తగ్గిస్తుంది గానీ తక్కువున్నదాన్ని లేపదు. మైనస్ 20లో వదిలేస్తే మీ పాటకి ముందొచ్చే ప్రకటన అరుస్తుంది, మీ పాట గొణుగుతుంది.

(సభలో నుంచి ఒక అమ్మాయి: సార్, మా ఊళ్లో నిజంగా జరిగిన చావు మీద పాట రాశాను. పేరు అలాగే పెట్టొచ్చా?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. పెట్టకు. పేరు మార్చు, ఊరు మార్చు, వీలైతే ఆ ఇంటివాళ్లకి ముందు వినిపించు. వద్దంటే ఆపేయ్. తిత్లీ తుపానులో 2018 అక్టోబరులో ఈ గజపతి జిల్లాలో కొండచరియ విరిగి మనుషులు పోయారు. అవతల ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బుతో ఇళ్లకి ఇళ్లు ఖాళీ అయ్యాయి. వీటి మీద పాటలు రావాలి. కానీ ఆ కుటుంబం ఆ పాటని పెళ్లిచూపుల రోజున ఎవరి ఫోన్లోనో వినాల్సి రాకూడదు. ఆ చావు ఆత్మహత్య అయితే ఇంకా జాగ్రత్త. ఎలా చేసుకున్నారు, ఎక్కడ చేసుకున్నారు అన్న వివరం పాటలో వద్దు. అలాంటి వివరం విని, అదే బాధలో ఉన్న ఇంకొకరు అదే దారి పట్టే ప్రమాదం నిజంగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకీ, సినిమావాళ్లకీ హెచ్చరిస్తూనే ఉంది. మిగిలినవాళ్ల ఇల్లు, వాళ్ల మర్నాడు రాయి. పాట అక్కడే ఉంటుంది.

ఉరితాడు, బ్లేడు బొమ్మలు ముఖచిత్రంగా పెట్టినా చిక్కే. వయసు ఆంక్ష పడుతుంది, ప్రకటనల ఆదాయం తగ్గుతుంది, పాట ఎవరికీ చూపించరు. పాట కింది వివరణలో, మానసిక సాయానికి పెట్టిన టెలీ మానస్ ఫోను నంబరు 14416 వెయ్యండి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. రాత్రీ పగలూ, ఉచితంగా, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఈ పాటలు పాడేవాళ్లకి అర్ధరాత్రి సందేశాలు వస్తాయి. “మీ పాట నా గురించే, నాకు బతకాలని లేదు” అని. వాళ్లకి జవాబివ్వండి, చదివి వదిలెయ్యకండి. “మీరు చెప్పినందుకు మంచి పని చేశారు, ఇప్పుడే ఈ నంబరుకి చెయ్యండి, దగ్గరున్నవాళ్లని లేపండి” అని రాయండి. మీరే వైద్యుడై రాత్రంతా మాట్లాడాలని చూడకండి. మీకు ఆ చదువు లేదు, వాళ్లకి అవసరమైనది ఆ చదువున్న మనిషి.

విడుదల సంగతి త్వరగా చెప్పేస్తాను. మన పాటని స్పాటిఫై లాంటి చోట్లకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్లు రెండు రకాలు. ఏడాదికింత అని తీసుకునేవాళ్లు, వచ్చినదాంట్లో శాతం తీసుకునేవాళ్లు. ఏడాది రుసుము కట్టడం మానేస్తే పాట దిగిపోయే చోట్లు ఉన్నాయి, షరతులు చదవండి. చీకటి పాట మూడో ఏడు కదలొచ్చు, అప్పటికి దిగిపోయి ఉంటే లాభమేంటి? శాతం పద్ధతే ఈ తరహావాళ్లకి నయమని నా లెక్క. నెల ముందే ఎక్కించండి. స్పాటిఫైలో పాటల జాబితాలు కట్టే సంపాదకులకి పంపాలంటే కనీసం ఏడు రోజుల ముందు పంపాలి. 30 సెకన్లు వింటేనే అక్కడ ఒక వినికిడిగా లెక్క, కాబట్టి నిమిషం పాటు గాలి చప్పుడుతో మొదలుపెట్టకండి. 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లు వినని పాటకి అక్కడ డబ్బు లెక్కే కట్టరు. భాష దగ్గర తెలుగు అనే పెట్టండి. ఒడిశాలో ఉన్నామని ఒడియా నొక్కితే పాట వెళ్లాల్సినవాళ్లకి వెళ్లదు. మీ పేరు అన్నిచోట్లా ఒకే వర్ణక్రమంలో ఉండాలి, లేదంటే ఒకే మనిషికి ముగ్గురు గాయకుల పేజీలు తయారవుతాయి. ప్రతి పాటకీ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల సంఖ్య వస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే సంఖ్యతో ఎక్కించండి, అప్పటిదాకా వచ్చిన లెక్క పోకుండా ఉంటుంది.

హక్కుల దగ్గర మాత్రం నెమ్మదిగా వినండి, ఇక్కడే మన కుర్రాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. ఒక పాటలో రెండు ఆస్తులున్నాయి. మాట, బాణీ ఒకటి. రికార్డయిన శబ్దం రెండోది. డిస్ట్రిబ్యూటర్ మీకు పంపేది రెండోదాని డబ్బు. మొదటిదాని డబ్బు వసూలు చేసేది 1969లో పుట్టిన ఐపీఆర్ఎస్ అనే రచయితల, స్వరకర్తల సంఘం. అందులో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనీ నమోదు చెయ్యకపోతే ఆ వాటా మీకు రాదు.

శబ్దం ఎవరిది? చట్టం ప్రకారం దాన్ని తయారుచేయించే బాధ్యత ఎవరు తీసుకుంటే వారిది. అందుకే స్టూడియో బిల్లు మీ పేరు మీద రాయించండి. విడివిడి ట్రాకులన్నీ మీ హార్డ్‌డిస్క్‌లోకి తెచ్చుకోండి, ఇంకో కాపీ వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో పెట్టండి. మొన్నటిదాకా ఉన్న స్టూడియో రేపు మొబైల్ షాపు అవుతుంది.

ఎవరో వచ్చి స్టాంపు కాగితం మీద ‘సర్వహక్కులు శాశ్వతంగా’ అని రాయించి చేతిలో కొంత పెడతానంటాడు. డబ్బు అవసరం నిజమే. కానీ 1957 కాపీరైట్ చట్టం, దానికి 2012లో వచ్చిన సవరణ తెలుసుకుని కూర్చోండి. సినిమాలో భాగం కాని రికార్డుకి హక్కు రాసిచ్చినా, రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు పోదు. పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే అని అర్థం. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రాయించుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే, పత్రంలో వేరేగా రాసి ఉంటే తప్ప, హక్కు మీకు తిరిగొస్తుంది. కొనేవాళ్లకి ఇవన్నీ తెలుసు, అందుకే ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, వాడినా వాడకపోయినా’ అని రాయిస్తారు. ఆ మూడు మాటలూ కొట్టించి, అయిదేళ్ల అనుమతిగా మార్చమని అడగండి. కొందరు ఒప్పుకుంటారు.

ఇద్దరు కలిసి పాట చేస్తే ఎవరికెంత శాతమో పాట పూర్తయిన రాత్రే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. పాట నడిచాక ఆ లెక్క తేలదు, స్నేహం మిగలదు. సవర పాట బాణీయో, మన ఊరి ముసలమ్మ పాడిన బాణీయో వాడుకుంటే, సంప్రదాయం అందరిదే అయినా ఆమె పేరు, ఊరు ఆమెనడిగి వెయ్యండి, వాటా ఇవ్వండి. ఇంటర్నెట్‌లో కొన్న లూప్ (తిప్పి తిప్పి వాడుకునే చిన్న వాయిద్యపు ముక్క) వాడితే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే ఇతరుల వీడియోల్లో మన శబ్దాన్ని పట్టే ఏర్పాటులో, ఆ పాట నమోదు చెయ్యకండి. అదే లూప్ కొన్న వందమంది మీద దావా వేసినట్టవుతుంది, తిరిగి మీ ఖాతాకే ఎసరు.

కచేరీ గురించి. దసరా పందిరి, కాలేజీ వార్షికోత్సవం ఈ పాటకి చోట్లు కావు. గ్రంథాలయం హాలు, మేడ మీద, చాపలేసుకుని యాభై మంది. పది అంగుళాల స్పీకర్లు రెండు చాలు. గిటారు గూ అని ఊళపెడితే 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య తగ్గించి, చెక్క రంధ్రానికి మూత పెట్టండి. ఆరుబయట అయితే రాత్రి 10కి లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే, 2000 నాటి నిబంధన అది. కాబట్టి ఏడుకే మొదలుపెట్టండి. నలభై అయిదు నిమిషాలు, తొమ్మిది పాటలు. బరువైన పాటలు రెండు వరసగా వచ్చాక ఒక తేలికపాటి బాణీ పెట్టాలి, లేదంటే అయిదో పాటకి జనం ఫోన్లు తీస్తారు. ఇక్కడ సగం మందికి తెలుగు అర్థమైనా ఒడియానే ఇంటి భాష. పాట ముందు రెండు వాక్యాలు ఒడియాలో చెప్పండి, పాటలో మాత్రం మాట మార్చకండి. బయానా సగం ముందు తీసుకోండి, దారి ఖర్చు వేరే. పన్ను కోసి ఇవ్వాల్సిన మొత్తమైతే, పాన్ కార్డు ఇవ్వనివాళ్లకి 20 శాతం పట్టుకుంటారు.

వాటాల పత్రం నమూనా, అయిదేళ్ల అనుమతి పత్రం నమూనా తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. పాటలు తెచ్చినవాళ్లు మాటల కాగితం ముందు ఇవ్వండి, తరవాత విందాం.